గడువు తీరిన గొంతు

మా నాన్న పాతికేళ్లకు పైగా మైకు ఆటోలో తిరిగి మమ్మల్ని పోషించాడు. మా తాత ఇంటింటికీ పోయి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫ్యాక్టరీ పరుపులు వచ్చాక ఆ పని పోయింది. అప్పుడు నాన్న మైకు పట్టుకున్నాడు. పొద్దున్నే గుంటూరులో బయల్దేరి ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు, ఒక్కోసారి ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోయేవాడు. విత్తనాల కొట్టు ప్రారంభం, కంటి శిబిరం, చీరల తగ్గింపు అమ్మకం, తప్పిపోయిన గేదె, ఊళ్లో ఎవరో పెద్దాయన పోవడం, ఏదైనా ఆయన గొంతులోంచే జనానికి తెలిసేది. మిరపకోతల్లో వంగి ఉన్న ఆడవాళ్లు ఆ గొంతు వినిపిస్తే నడుం నిటారు చేసుకుని రోడ్డు వైపు చూసేవాళ్లని ఆటో నడిపే ఆయన మాకు చెప్పేవాడు.

అమ్మకి చదువు రాదు. షుగర్ వల్ల చూపు మెల్లమెల్లగా తగ్గి, చివరికి వెలుగూ నీడా మాత్రం తెలిసే స్థితికి వచ్చింది. అందుకని నాన్న సాయంత్రం వచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆ రోజు తిరిగిన ఊళ్లన్నీ అమ్మకి చెప్పాలి. పత్తి ఎంత తెల్లబడింది, ఎవరి ఇంటి ముందు కొత్త అరుగు కట్టారు, ఏ చెరువుకి నీళ్లొచ్చాయి, అన్నీ. అమ్మ మధ్యమధ్యలో ప్రశ్నలు వేసేది. ఆమెకున్న కళ్లు అవే.

నేను వాళ్లకి ఒక్కదాన్నే. హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పనిచేస్తాను. నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో ఎక్కడ తప్పుందో వెతికి చెప్పడం. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది తెలియనితనం వల్ల జరగలేదు.

నాన్న గొంతు బొంగురుపోయి నెలలు గడిచినా ఎవరం పట్టించుకోలేదు. మైకు మనిషికి గొంతు పోవడం మామూలే అనుకున్నాం. గుంటూరులో డాక్టరు గొట్టం వేసి చూశాడు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. వారం తర్వాత ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"కణితి స్వరపేటిక అంతా పాకింది. మొత్తం తీసేయాలి. తీసేస్తే మనిషి దక్కుతాడు. మాట మాత్రం ఉండదు."

బయట వరండాలోకి వచ్చాక అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మాట ఉండదంటే ఎన్నాళ్లు ఉండదంట?"

జవాబు నాన్న చెప్పాడు, ఆ బొంగురు గొంతుతోనే. "ఇంక ఉండదంటే ఉండదనే."

ఆపరేషనుకి పన్నెండు రోజులు గడువిచ్చారు. ఆ రాత్రే నేను వెతకడం మొదలుపెట్టాను. మనిషి తన గొంతుతో కొన్ని వందల వాక్యాలు చదివి రికార్డు చేస్తే, ఆ గొంతును నేర్చుకుని, తర్వాత మనం ఏది టైపు చేస్తే అది అదే గొంతుతో పలికే యాప్ ఒకటి కనబడింది. విదేశంలో ఒక చిన్న కంపెనీది. తెలుగు కూడా ఉంది, కానీ బీటాలో మాత్రమే. బీటాలో చేరడానికి దరఖాస్తు పెట్టాను. రెండో రోజుకల్లా ఆహ్వానం వచ్చింది. దానితోపాటు పొడుగాటి ఇంగ్లీషు హెచ్చరిక. ఇది పరీక్షల్లో ఉన్న వెర్షన్, ఎప్పుడైనా ఆగిపోవచ్చు, మీ సమాచారం పోవచ్చు, ముఖ్యమైన అవసరాలకు దీని మీదే ఆధారపడవద్దు. ఇలాంటి హెచ్చరికలు నా ఉద్యోగంలో నేనే రాస్తుంటాను. కిందికి జరిపి ఒప్పుకుంటున్నానని నొక్కాను.

నాన్న పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "బీటా అంటే ఏందమ్మా?"

"సాఫ్ట్‌వేర్‌ని ఒక్కసారే జనంలోకి వదలరు నాన్నా. ముందు తయారుచేసిన వాళ్లు వాళ్లలో వాళ్లే వాడి చూస్తారు. అది ఆల్ఫా. అందులో సగం పనులు చెయ్యవు. కాస్త కుదురుకున్నాక బయటివాళ్లు కొందరికి ఇచ్చి వాడమంటారు. అది బీటా. వాళ్లు చెప్పిన తప్పులు సరిచేసి, ఇంక ఇదే ఆఖరు అనుకున్నదాన్ని మళ్లీ ఒకసారి చూసుకుంటారు. అందులోనూ ఏం తేలకపోతే అప్పుడు అందరికీ విడుదల చేస్తారు."

"విత్తనాల కంపెనీవాళ్లు కొత్తరకం వస్తే ముందు నలుగురు రైతులకి ఉత్తగా ఇచ్చి వేయిస్తారే, అట్టాగా?"

"ఆఁ, అట్టాగే."

"మిరపకి ఒకసారి అట్టా వేయించారు. చెట్టు ఏపుగా పెరిగింది గానీ కాయ పట్టలా. ఆ రైతు పోయి అడిగితే, మేం ఉత్తగానే ఇచ్చాం కదా అన్నారంట." తర్వాత అడిగాడు. "ఇందులో పోతే ఏం పోద్ది?"

"ఏం పోదు నాన్నా. నేనున్నాగా చూసుకోటానికి."

బయటి చప్పుడు రాకుండా గది కిటికీలకి పాత దూది పరుపులు ఆనించాం. ఫ్యాను ఆపేశాం. ఆ ఉక్కలో నాన్న చెమటలు కక్కుతూ, ఒక్కో వాక్యానికీ గుటక మింగుతూ చదివాడు. వాక్యాలు వాళ్లిచ్చినవే. ఈ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. మా అక్క రైలు దిగి ఆటో ఎక్కింది. దయచేసి తలుపు వెయ్యండి. నాన్నకి నవ్వొచ్చేది. "అక్క లేని వాడిచేత అక్కని రైలు దింపిస్తున్నారు," అనేవాడు. రోజుకి అరగంట చదివితే గొంతు మూసుకుపోయేది. మొత్తం ఎనిమిది రోజులు పట్టింది.

ఆ రికార్డింగుల్ని విడిగా ఇంకోచోట దాచుకునే వీలు ఆ యాప్‌లో లేదు. రాబోయే వెర్షనులో ఇస్తామని రాసి ఉంది. చదువుతున్నప్పుడే పక్కన ఇంకో ఫోను పెట్టి రికార్డు చేద్దామని రెండో రోజు అనుకున్నాను. ఆ ఫోనులో చోటు లేదు. ఫొటోలు తీసేసి చోటు చెయ్యాలి. రేపు చేద్దామనుకున్నాను. ఆ రేపటికి ఇంకో పనొచ్చింది.

ఆపరేషను అయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, ఊపిరి దాంట్లోంచే. పది రోజుల తర్వాత ఇంటికొచ్చి నాన్న మంచం మీద కూర్చుని ఫోనులో టైపు చేసి నొక్కాడు. "ఏం చేస్తన్నావ్?" అని నాన్న గొంతు అడిగింది.

అమ్మ వంటింట్లో గోడ పట్టుకుని నిలబడిపోయింది. "ఎవరు? మీరేనా?"

"నేనే. ఇంకెవరు?" అంది ఫోను.

అమ్మ తడుముకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్నలన్నింటికీ నాన్న వేళ్లు నొప్పెట్టేదాకా టైపు చేస్తూనే ఉన్నాడు.

దాదాపు మూడు నెలలు అలా గడిచాయి. తప్పులుండేవి. "పళ్లు" అని రాస్తే "పల్లు" అనేది. అంకెలు ఇంగ్లీషులో చదివేది. నేను ప్రతి తప్పూ రాసి పంపేదాన్ని. వాళ్లు సరిచేసి కొత్త వెర్షన్ పంపేవాళ్లు. ఓసారి "ళ" సరిగ్గా పలికినప్పుడు నాన్న బొటనవేలెత్తి చూపించాడు. నాకు గర్వంగా ఉండేది. మా నాన్న గొంతుని నేనే బాగుచేస్తున్నాననిపించేది. మధ్యలో కంపెనీ నుంచి ఉత్తరాలొచ్చాయి. పరీక్షా కాలం ముగియబోతోంది, అసలు వెర్షన్ రాబోతోంది, మీ గొంతును కొత్త ఖాతాలోకి ఎలా మార్చుకోవాలో ఇక్కడ చదవండి అని. అవి నా మెయిలుకే వచ్చాయి. ఆ నెలంతా మా ఆఫీసులోనూ ఒక రిలీజు నెత్తిమీద కూర్చునుంది. తీరిగ్గా చదువుదామని పక్కన పెట్టాను.

అమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజు అది. నాకు మీటింగు ఉందని నాన్నే తీసుకెళ్లాడు. పదిన్నరకి వీడియో కాల్ చేశాడు. కెమెరా ముందు కాగితం పట్టుకున్నాడు. "తెరుచుకోవడం లేదు" అని రాసి ఉంది. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది, నేనెప్పుడూ విననంత గట్టిగా.

"ఏవండీ! ఎక్కడున్నారు? ఎవరో నన్ను తీసుకుపోతన్నారు. పలకరేం?"

నేను మీటింగులోంచి లేచి చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా ఆటో ఎక్కాను.

నేను వెళ్లేసరికి అమ్మ బెంచీ మీద కూర్చుని పక్కనున్న ఎవరో ముసలాయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. ఆయన పాపం కదలకుండా కూర్చున్నాడు. నర్సు కంట్లో చుక్కలు వెయ్యడానికి లోపలికి తీసుకెళ్లి, తిరిగి తెచ్చి అక్కడ కూర్చోబెట్టిందట. నాన్న వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, తెలియని మనిషనుకుని విదిలించుకుందట. మాట లేని మనిషి తనెవరో ఎలా చెప్పుకుంటాడు? నాన్న ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. మెడ దగ్గర రంధ్రంలోంచి ఊపిరి గురగురమంటోంది.

ఫోను తీసుకున్నాను. యాప్ నొక్కితే ఒకే ఒక్క మాట. ఈ పరీక్షా వెర్షన్ గడువు తీరింది. అసలు వెర్షన్ దింపుకోండి.

దింపబోతే, పాతది ఉండగా కొత్తది ఎక్కనని చెప్పింది. ఇది నాకు కొత్త కాదు. పాతది తీసేసి కొత్తది వేస్తే సరిపోతుంది. ఆఫీసు ఫోనుల్లో రోజుకి పదిసార్లు చేస్తాను. అమ్మ ఏడుస్తోంది, లోపల్నుంచి మా టోకెను నంబరు పిలుస్తున్నారు. పాతదాని మీద వేలుంచి తొలగించు అని నొక్కాను. డేటా కూడా పోతుంది, సరేనా అని అడిగింది. సరే అన్నాను.

కొత్తది ఎక్కింది. తెరిచాను. తెల్లటి తెర మీద నవ్వు మొహం బొమ్మ. "స్వాగతం. మీ గొంతును రికార్డు చేయడం మొదలుపెట్టండి."

ఆ బెంచీ చివర కూలబడ్డాను. నాన్న ఏమైందన్నట్టు గడ్డం ఎగరేశాడు. "సర్వర్ ప్రాబ్లం నాన్నా, సాయంత్రానికి వచ్చేస్తది," అన్నాను. ఆయనకి నేను చెప్పిన మొదటి అబద్ధం అదేమీ కాదు గానీ, చెబుతూ ఆయన కళ్లలోకి చూడలేకపోయింది అప్పుడే.

కంపెనీకి రాశాను. ఒకటి కాదు, ఆ మధ్యాహ్నం ఏడు ఉత్తరాలు. బతిమాలాను, బెదిరించాను, మళ్లీ బతిమాలాను. మర్నాడు మర్యాదగా జవాబొచ్చింది. పరీక్షా వెర్షనులో తయారైన గొంతు ఫోనులోనే ఉంటుంది, మా దగ్గరున్న రికార్డింగుల్ని నిబంధనల ప్రకారం పరీక్షా కాలం ముగియగానే చెరిపేశాం, మార్చుకోమని మూడుసార్లు తెలియజేశాం, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఆ మూడు ఉత్తరాలూ నా మెయిలులో నలుపు అక్షరాలతో, తెరవకుండా, వరుసగా ఉన్నాయి.

గుంటూరులో ఫోన్లు బాగుచేసే షాపులు నాలుగు తిరిగాను. మూడుచోట్ల రేపు రమ్మన్నారు. నాలుగో షాపాయన మాత్రం ఉన్నమాట చెప్పాడు.

"మేడమ్, ఫొటోలైతే ఎక్కడో ఒకచోట దొరుకుతాయండీ. యాప్ లోపల దాచినవి తాళం వేసి ఉంటాయి. యాప్ తీసేస్తే తాళంచెవి కూడా పోద్ది. ఎవడన్నా తెస్తానన్నాడంటే మీ దగ్గర డబ్బులు గుంజటానికే."

"ఏదన్నా చూడండి. మా నాన్నగారి గొంతండీ అది."

ఆయన ఫోను నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి వేరే పని చూసుకున్నాడు.

ఇంక మిగిలింది పాత రికార్డింగులు. మిగతా మైకు ఆటోలవాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టి తిప్పుతారు. నాన్న అలా చేసేవాడు కాదు. ఊరు మారితే పిలుపు మారాలి అనేవాడు. ఇంట్లో పెళ్లిళ్ల వీడియోల్లో ఆయన వెనక నుంచి "భోజనాలకి లేవండయ్యా" అనడం రెండుచోట్ల దొరికింది. ఆయన ఆటో నడిపిన మనిషిని పట్టుకుని ఊళ్లు తిరిగాను. పర్చూరు దగ్గర ఒక పురుగుమందుల కొట్టాయన సొరుగంతా వెతికి ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఒక సీజన్లో నాన్నకి జ్వరమొస్తే బలవంతంగా రికార్డు చేయించాడట. కొట్టు ముందు స్పీకరుకి పెట్టి వినిపించాడు. తెల్లదోమ, తామరపురుగు, రైతు సోదరులారా అంటూ నాన్న గొంతు, బొంగురుపోకముందుది, ఖంగుమంటోంది. రోడ్డు మీద ఎవరో ఆగి, "మైకు భాయి మళ్లీ వస్తన్నాడా?" అని అడిగాడు. నేను కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

కానీ ఆ గొంతు వెనకంతా డప్పులు, సన్నాయి. సంగీతం ఉంటే పనికిరాదని కంపెనీ చెప్పింది. సంగీతాన్ని విడదీసే సాఫ్ట్‌వేర్లతో మూడు రోజులు కుస్తీ పట్టాను. గొంతు మిగిలింది గానీ రేకు డబ్బాలో పెట్టి మూతేసినట్టుంది. దాన్నే కొత్త యాప్‌కి ఇచ్చి, "ఏం చేస్తన్నావ్?" అని టైపు చేసి అమ్మ దగ్గర వినిపించాను.

అమ్మ చేతిలో చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి. "ఆపు," అంది. "అది మీ నాన్న కాదు. ఆపమంటన్నానా!"

ఆ సాయంత్రం నాన్నకి నిజం చెప్పాను. సర్వర్ కాదు, నేనే తీసేశానని. ఉత్తరాలొస్తే చదవలేదని. ఆయన కదలకుండా విన్నాడు. తర్వాత, యాప్ పోయాక రాసుకోటానికి కొన్న పలక తీసుకుని రాశాడు.

"వెనక్కి రాదా?"

రాదన్నట్టు తలూపాను.

తుడిచి మళ్లీ రాశాడు. "ఏం పోదన్నావు."

ఆ పలకని బోర్లించి మంచం కింద పెట్టేశాడు. నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు. టీ ఇస్తే తాగాడు, అన్నం పెడితే తిన్నాడు, నా వైపు చూడలేదు. తిట్టుంటే బాగుండేది. తిట్టడానికి ఆయన దగ్గర ఏముంది?

ఇంట్లో ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో నేను సరిగా చెప్పలేను. అమ్మ ఉన్నట్టుండి వంటింట్లోంచి "ఉన్నారా?" అనేది. నాన్న మంచంకోడు మీద వేలితో కొట్టేవాడు. కాసేపటికి మళ్లీ "ఉన్నారా?" మళ్లీ టకటక. అంతే వాళ్ల మాటలు. ఒకసారి నాన్న పెరట్లో ఉన్నప్పుడు అడిగింది. జవాబు రాలేదు. గడపలు తగులుతున్నా ఆగకుండా ఇల్లంతా తిరిగింది. నేను పరుగెత్తి పట్టుకుంటే నన్ను తోసేసింది. "నువ్వు కాదు. ఆయన ఎక్కడ?" అంది. యాప్‌లో ఉన్న మామూలు మగ గొంతు పెట్టి చూశాను. వార్తలు చదివే గొంతు. "పరాయి మగాడెవరో ఇంట్లో తిరుగుతున్నట్టుంది," అని అమ్మ చెవులు మూసుకుంది.

ఆఫీసులో సెలవు పెట్టాను. మా రిలీజు నేను లేకుండానే అయిపోయింది. ఎవరో చిన్న తప్పు దొరికిందని, దాన్ని తర్వాతి వెర్షనులో చూద్దామని గ్రూపులో రాసుకుంటున్నారు. అదే మాట నేను ఎన్నిసార్లు రాశానో. అవతల ఎవరి ఇల్లు ఉందో ఒక్కసారైనా అడగలేదు.

అయిదో రోజు నాన్న పలక తీశాడు. ఆసుపత్రి చీటీ వెనక ఉన్న ఒక గది నంబరు రాసి చూపించాడు. స్వరపేటిక లేనివాళ్లకి మాట నేర్పే ఆమె కూర్చునే గది. ఆపరేషను అప్పుడే చెప్పారు. ఫోను ఉందిగా అని మేం పోలేదు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు పోతున్నాం. మెడకి ఆనించుకునే పరికరం ఒకటి ఇచ్చి చూశారు. అది తుమ్మెదలా జుమ్మంటుంటే అమ్మ హడలిపోయింది. అందుకని నాన్న కష్టమైన దారే ఎంచుకున్నాడు. గాలిని మింగి, తేన్పులా పైకి తెచ్చి, దాన్నే మాటగా మలచడం. అందరికీ రాదని, వచ్చినా నెలలు పడుతుందని మాట నేర్పే ఆమె ముందే చెప్పింది. ఆరు వారాలకి ఒక్క శబ్దమూ రాలేదు. గాలి మింగి మింగి కడుపుబ్బి నాన్న తిండి మానేశాడు. బరువు తగ్గాడు. మెడ పక్కన ఒక చిన్న గడ్డ తగిలిందని డాక్టరు మళ్లీ స్కానింగు రాశాడు. ఆ రిపోర్టు ఇంకా రాలేదు.

పోయిన వారం "టీ" అన్నాడు. అది మాటని నాకు అర్థం కాలేదు. గొంతు పట్టేసిందేమోనని నీళ్లు పట్టుకెళ్లాను. అమ్మ మాత్రం పొయ్యి వైపు తిరిగి, "పెడతన్నా, ఉండండి," అంది.

నిన్న మధ్యాహ్నం ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. అమ్మ ఆయన చెంప మీద వేళ్లుంచి, పెదాలు ఎటు కదులుతున్నాయో తడిమి చూస్తోంది. నాన్న ఏదో పెద్ద మాటే చెప్పబోతున్నాడు. గాలి మింగాడు, తెగిపోయింది. మళ్లీ మింగాడు. "ఆఁ, మళ్లీ చెప్పండి," అంది అమ్మ. మళ్లీ తెగిపోయింది. ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, అవి ఆమె వేళ్లకి తగులుతున్నాయి. "తొందరేం లేదు. మళ్లీ," అంది.

నేను పక్క గదిలో ఉన్నాను. వెళ్లి పలక అందిస్తే ఒక్క నిమిషంలో ఆయన రాసేస్తాడు, నేను చదివి అమ్మకి చెప్పేస్తాను. రెండుసార్లు లేచాను. రెండుసార్లూ తలుపు దాకా వెళ్లి, వచ్చి కూర్చున్నాను. నాన్న ఏం చెప్పాలనుకున్నాడో సాయంత్రానికి కూడా మాకు తెలియలేదు.